బండి ఆగాకే పైపు: దూరప్రయాణపు ట్రక్కు డ్రైవర్లకు కొన్ని సూచనలు

అమెరికా హైవేల మీద పద్దెనిమిది చక్రాల బండి నడిపేవాడికి పొగాకు పైపు కాల్చే అలవాటు ఎలా కుదురుతుందని తోటి డ్రైవర్లు, ముఖ్యంగా ఈ మధ్యనే సీడీఎల్ (భారీ వాహనాలు నడిపే లైసెన్సు) తీసుకొని ఈ పనిలోకి వచ్చిన తెలుగు కుర్రాళ్లు, నన్ను తరచుగా అడుగుతుంటారు. వారి ఊహలో పైపు అంటే ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, పళ్ల మధ్య గొట్టం బిగించి, పొద్దు గుంకుతున్న ఎడారిని చూసుకుంటూ సాగిపోవడం. ఆ ఊహను చెడగొట్టడానికే ఇది రాస్తున్నాను. పైపు బండి నడిచేటప్పటి వస్తువు కాదు, బండి ఆగినప్పటి వస్తువు. ఈ ఒక్క సంగతి ఒప్పుకొన్నవారికి మిగిలిన పద్ధతి అంతా నెమ్మదిగా పట్టుబడుతుంది.

దానికన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. పొగాకు అలవాటు లేనివారు ఇది చదివి మొదలుపెట్టకండి. పైపు పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదని కొందరు చెప్పే మాట నిజం కాదు; పెదవి, నాలుక, గొంతు క్యాన్సర్లు పైపు కాల్చేవారికి వస్తాయి, నికోటిన్ నోటి పొరల నుంచే రక్తంలోకి చేరుతుంది. మన పని అసలే రోజంతా కూర్చొని చేసేది. డీఓటీ (అమెరికా రవాణా శాఖ) వైద్య పరీక్షలో రక్తపోటు 140/90 కంటే తక్కువగా ఉంటేనే రెండేళ్ల సర్టిఫికెట్ చేతికి వస్తుంది, అంతకు మించితే గడువు తగ్గుతుంది. కాబట్టి ఇప్పటికే సిగరెట్టో పైపో కాల్చే పెద్దవారికి, రోజుకు ఒకటి రెండు గిన్నెలకు (గిన్నె అంటే పైపులో పొగాకు నింపే భాగం) మించకుండా, బండికీ ఒంటికీ వీలైనంత తక్కువ నష్టంతో ఎలా కాల్చవచ్చునో చెప్పడమే నా ఉద్దేశం.

నడుపుతూ ఎందుకు కాల్చకూడదో అనుభవం మీదనే చెబుతాను. తొలి రోజుల్లో ఒకసారి వయోమింగ్‌లో ఐ-80 హైవే మీద, ఎల్క్ మౌంటెన్ దగ్గర, పైపు నోట్లో పెట్టుకొనే నడిపాను. ఆ ప్రాంతంలో గాలి ఎంత బలంగా వీస్తుందంటే ఖాళీ ట్రైలర్లు పక్కకు ఒరిగిపోతాయి, చలికాలంలో గాలికీ మంచుకూ రోడ్డునే మూసివేస్తారు. ఒక విసురుకు బండి పక్క లైను వైపు జరిగింది, రెండు చేతులూ స్టీరింగు మీదకు పోయాయి, పైపు పళ్లలోనే ఊగి గిన్నెలోని నిప్పు రవ్వ ఒడిలో పడింది. పాంటుకు శనగగింజంత చిల్లు తప్ప మరేమీ కాలేదు. కానీ ఆ రెండు మూడు క్షణాలు నా చూపు రోడ్డు మీద లేదు, ఒడి మీద ఉన్నది. ఎనభై వేల పౌండ్ల బండికి ఆ రెండు మూడు క్షణాలే చాలు. పైగా పళ్ల మధ్య గట్టి గొట్టం పెట్టుకొని దాని ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ పెట్టుకోవడం ఏ లెక్కన చూసినా తెలివైన పని కాదు.

మరి ఎప్పుడు కాల్చాలి? మన లాగ్‌బుక్కే ఆ సమయాన్ని చూపిస్తుంది. పద్నాలుగు గంటల పని గడువులో పదకొండు గంటలు మాత్రమే నడపాలి, నడిపిన సమయం ఎనిమిది గంటలకు చేరేలోగా వరుసగా ముప్పై నిమిషాలు చక్రం తిరగకూడదు, రోజు ముగిశాక పది గంటలు విశ్రాంతి తీసుకోవాలి. 2017 డిసెంబరు నుంచి ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి అయ్యాక ఈ ముప్పై నిమిషాలను కాగితం మీద సర్దుబాటు చేసుకొనే వీలు పోయింది. చాలామంది ఈ విరామాన్ని శిక్షలా భావించి ఫోను చూస్తూ గడిపేస్తారు. మధ్య రకం గిన్నె ఒకటి తీరికగా కాల్చడానికి సుమారు అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. చిన్న గిన్నె అయితే అరగంటలో ముగుస్తుంది. నా మట్టుకు మధ్యాహ్నపు విరామానికి చిన్న గిన్నె, రాత్రి బండి పెట్టాక పెద్ద గిన్నె. గోదాము దగ్గర సరుకు ఎక్కించి దించే డాక్ ఖాళీ లేదని గంటల తరబడి కూర్చోబెట్టినప్పుడు మూడోది ముట్టించాలని మనసు లాగుతుంది. మైలుకింత అని జీతం తీసుకొనేవాడికి ఆ ఎదురుచూపు మంట పుట్టిస్తుంది, నిజమే. కానీ కోపం మీద కాల్చిన పైపు ఎప్పుడూ వేడెక్కి నాలుకను కాలుస్తుందని నాకు అర్థమైంది కాబట్టి అక్కడ టీతో సరిపెట్టుకుంటాను. పైగా చాలా గోదాముల ఆవరణలో పొగ తాగడం నిషేధం.

స్థలం గురించి రెండు నియమాలను గట్టిగా గుర్తుంచుకోవాలి. మొదటిది, ప్రమాదకర సరుకుల విషయం. పేలుడు పదార్థాలు, ఆక్సీకరణ పదార్థాలు, మండే వాయువులు, ద్రవాలు, ఘనపదార్థాలు ఉన్న బండి మీద గానీ, దానికి 25 అడుగుల లోపల గానీ వెలిగించిన సిగరెట్టు, చుట్ట, పైపు ఏదీ ఉండకూడదని కేంద్ర ప్రభుత్వ నిబంధనే ఉన్నది. పెట్రోలు వంటివి మోసి ఖాళీ అయిన ట్యాంకరుకూ అది వర్తిస్తుంది. మీ బండిలో బియ్యం బస్తాలే ఉన్నా ట్రక్ స్టాపులో మీ పక్కన ఆగిన బండిలో ఏమున్నదో దాని ప్లకార్డు (బండికి తగిలించే ప్రమాద సూచిక పలక) చూసి తెలుసుకోండి. రెండవది, డీజిలు పోసే చోట వెలిగించకపోవడం. ఇది ఎవరికీ చెప్పనక్కరలేదు. ఇక కంపెనీ బండి అయితే క్యాబులో (డ్రైవరు కూర్చొనే గదిలో) పొగ తాగరాదన్న షరతు ఒప్పందంలో ఉన్నదేమో చూసుకోండి. సొంత బండి అయినా క్యాబు బయటనే కాల్చమని నా సలహా. స్లీపర్ బెర్తు పరదాల్లో చేరిన వాసన ఎన్ని వారాలైనా వదలదు, రేపు బండి అమ్మేటప్పుడు ధర తెగ్గొడుతుంది. నేను మడత కుర్చీ ఒకటి సీటు వెనక పెట్టుకొని, గాలికి అడ్డుగా ట్రైలరు పక్కన వేసుకొని కూర్చుంటాను.

ఇప్పుడు పైపు సంగతి. రోడ్డు మీద బతికేవాడికి మొక్కజొన్న కంకి బెండుతో చేసిన పైపుకు మించినది లేదని నా దృఢమైన అభిప్రాయం. మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్‌కు పడమరగా మిస్సోరీ నది ఒడ్డున ఉన్న వాషింగ్టన్ అనే చిన్న ఊరు వీటికి పుట్టినిల్లు. హాలెండు నుంచి వలస వచ్చిన హెన్రీ టిబ్బీ అనే వడ్రంగి 1869లో అక్కడ వీటిని చేయడం మొదలుపెట్టి, బెండు పైభాగాన్ని ప్లాస్టరుతో నింపి నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంటు పొందాడు. ఆయన మొదలుపెట్టిన మిస్సోరీ మీర్‌షామ్ కంపెనీ ఇప్పటికీ అదే ఊళ్లో పైపులు చేస్తున్నది. బెండు పైపు తేలికగా ఉంటుంది, తడిని పీల్చుకుంటుంది, కొత్తదైనా మొదటి రోజు నుంచే చల్లగా కాలుతుంది, కింద పడి విరిగినా గుండె విరగదు. మధ్యధరా తీరపు బ్రయర్ వేరుతో చేసిన పైపులు అందమైనవే, జీవితాంతం మన్నేవే. కానీ వాటిని ఎండలో డాష్‌బోర్డు మీద వదిలేస్తే నల్ల రబ్బరు గొట్టం ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరుగుతుంది, వేడి తగ్గకముందే గొట్టం ఊడదీస్తే, గొట్టం దూరే మెడ పగులుతుంది. అవి ఇంటి దగ్గర ఉండవలసిన వస్తువులు. బెండు పైపులు మూడు కొనండి. ఒకసారి కాల్చిన పైపుకు కనీసం ఒక రోజు విశ్రాంతి ఇస్తే లోపలి తడి ఆరుతుంది; నేను గిన్నె అడుగున పెన్నుతో 1, 2, 3 అని రాసుకొని వరుస తప్పకుండా వాడతాను.

అసలు విషయమంతా పొగాకు పదునులో, అంటే ఆకులో తడి సరిపాళ్లలో ఉండటంలో, ఉన్నది. ఈ మాట నాకు అమెరికాలో ఎవరూ నేర్పలేదు. మాది ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు పండించే కుటుంబం. ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే గదిలో) వేలాడదీసి, 95 డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర మొదలుపెట్టి, ఆకు పసుపుకు తిరిగాక మెల్లగా వేడి పెంచుకుంటూ, చివరకు ఈనె ఎండటానికి 160 దాకా తీసుకుపోతారు. దీనికి అయిదారు రోజులు పడుతుంది. ఆ తరువాత తలుపులు తెరిచి రాత్రి చల్లగాలి తగలనిస్తారు. ఎండిన ఆకును అప్పుడే పట్టుకుంటే అప్పడంలా విరిగిపోతుంది, పదునుకు వచ్చాక పట్టుకుంటే గుడ్డలా ఒంగుతుంది. ఈ బ్యారన్ పద్ధతి పుట్టింది కూడా ఇక్కడ అమెరికాలోనే. 1839లో నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో స్టీఫెన్ అనే బానిస యువకుడు, ఆరిపోతున్న మంటను బొగ్గులు వేసి ఒక్కసారిగా పెంచితే ఆకు బంగారు రంగుకు తిరిగిందని చెబుతారు. ఆ పక్కనే ఉన్న వర్జీనియా రాష్ట్రంలోని డాన్‌విల్ మీదుగా లోడు తీసుకుపోయిన ప్రతిసారీ, మా ఊరి బ్యారన్ల పొగ వాసన ముక్కుకు తగిలినట్టే ఉంటుంది.

పైపు పొగాకు దుకాణం నుంచి వచ్చేటప్పుడు సాధారణంగా ఎక్కువ తడిగా ఉంటుంది. అదే డబ్బాను నెవాడా ఎండలో రెండు రోజులు తిప్పితే కరకరలాడుతుంది, లూసియానా ఉక్కలో వారం ఉంచితే బూజు పట్టే స్థితికి వస్తుంది. అందుకని రబ్బరు వాషరు మూత ఉన్న చిన్న గాజు సీసాల్లో వారానికి సరిపడా మాత్రమే క్యాబులో పెట్టుకొని, సీటు కింద చీకటిలో, హీటరు గాలి తగలని చోట ఉంచండి. ఎక్కువ తడిగా ఉన్నదాన్ని కాగితం పళ్లెంలో పలుచగా పరిచి పదిహేను ఇరవై నిమిషాలు ఆరనివ్వాలి. మరీ ఎండినదానికి నీటిలో నానబెట్టి తుడిచిన చిన్న మట్టి బిళ్లను సీసాలో ఒక రోజు ఉంచితే సరిపోతుంది. ఆపిల్ ముక్క వేయమని కొందరు పెద్దలు చెబుతారు, అది బూజుకు ఆహ్వానం.

పదును ఎలా కనిపెట్టాలో నాకు చెప్పినది మా నాన్న. వేసవిలో వయోమింగ్‌లోని రాలిన్స్ దగ్గర రాత్రి ఎనిమిదింటికి బండి పెడితే ఒంగోలులో మరునాటి ఉదయం ఏడున్నర అవుతుంది, నాన్న కాఫీ తాగే వేళ. ఒకరోజు ఫోనులో, పైపు మాటిమాటికీ ఆరిపోతున్నదని చెప్పాను. ఆయన జీవితంలో ఎన్నడూ పొగ తాగలేదు, నేను తాగడం ఆయనకు ఇష్టమూ లేదు, అయినా ఆకు మాట వచ్చేసరికి ఉండబట్టలేకపోయారు.

“ఆకు ఎట్టా ఉందిరా చేతికి?”

“మెత్తగానే ఉంది నాన్నా.”

“మెత్తగా ఉంటే చాలదు. పిడికిట్లో గట్టిగా పట్టి వదిలి చూడు. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ. గలగలమని రాలితే ఎండిపోయింది. మెల్లగా విచ్చుకుంటే పదును.”

పైపు గురించి నేను చదివిన ఏ రాత కూడా ఇంత సూటిగా చెప్పలేదు. ఆ రోజు నుంచి ప్రతి గిన్నెకు ముందు పిడికిలి పట్టి చూస్తాను.

ఏ పొగాకు అన్న ప్రశ్నకు, కొత్తవారికి బర్లీ మంచిదని చెబుతాను. కెంటకీ, టెనెస్సీ రాష్ట్రాల్లో ఎక్కువగా పండే ఈ ఆకును నిప్పు లేకుండా నీడగాలికి ఆరబెడతారు. అందులో చక్కెర తక్కువ కాబట్టి నాలుకను అంతగా కొరకదు, వేయించిన వేరుశనగ వంటి రుచి ఇస్తుంది. వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. తీపిగా బాగుంటుంది గానీ ఆత్రంగా పీల్చేవాడి నాలుకను పొక్కిస్తుంది, మా ఇంటి పంట అయినా ఈ మాట దాచను. వెనిల్లా, చెర్రీ వాసనలు కలిపిన రకాలు పక్కవారికి సువాసన, తాగేవారికి వేడి ఆవిరి. పొగలో మగ్గబెట్టిన లటాకియా అనే ఆకును మూసిన క్యాబు దగ్గరకు రానివ్వకండి.

గిన్నెను నింపడం మూడు విడతల పని. మొదట పొగాకును పైనుంచి చిటికెలతో జారవిడిచి గిన్నె నిండుగా పోసి, వేలితో తాకీ తాకనట్టు అదిమితే అది సగానికి దిగుతుంది. మళ్లీ నిండుగా పోసి కొంచెం బలంగా అదిమితే ముప్పావుకు దిగుతుంది. మూడోసారి అంచు దాటేటట్టు పోసి కాస్త గట్టిగా అదమాలి. ఇప్పుడు వెలిగించకుండానే పీల్చి చూడండి. కొబ్బరి బోండాంలో స్ట్రా పెట్టి పీల్చినంత తేలికగా గాలి రావాలి. బిగుసుకుపోయినట్టు ఉంటే మొహమాటపడకుండా మొత్తం కుమ్మరించి మళ్లీ నింపండి. తప్పుగా నింపిన గిన్నెను మధ్యలో బాగుచేయడం ఎవరి వల్లా కాదు.

వెలిగించడం రెండుసార్లు. మొదటిసారి అగ్గిపుల్ల మందు పూర్తిగా కాలిపోయేదాకా ఆగి, మంటను ఉపరితలమంతా గుండ్రంగా తిప్పుతూ చిన్నగా పీల్చండి. పొగాకు ఉబ్బి పైకి లేస్తుంది, తరువాత ఆరిపోతుంది, ఆరిపోనివ్వండి. ఆ నల్లటి పొరను మెల్లగా చదును చేసి రెండోసారి వెలిగిస్తే నిప్పు సమంగా నిలుస్తుంది. అదమడానికి ప్రత్యేక పనిముట్లు అమ్ముతారు గానీ, చదునైన తల ఉన్న లావు మేకు ఒకటి చాలు, ట్రక్కులో దానికి కొదవ ఉండదు. ఐ-80 మీద అన్నిటికంటే ఎత్తైన చోటు, లారమీ పక్కన, 8,640 అడుగులు. అటువంటి చోట్ల, అందులోనూ చలిలో, గ్యాసు లైటర్లు మొండికేస్తాయి, కాబట్టి చెక్క అగ్గిపుల్లల పెట్టె ఒకటి తడి తగలని డబ్బాలో పెట్టుకోండి.

ఇక పీల్చడంలో ఉన్నదంతా ఓపిక. నిమిషానికి ఒకటి రెండుసార్లు, వేడి టీ చప్పరించినంత చిన్నగా, పొగ నోట్లోనే ఉంచి వదిలేయాలి. గిన్నెను చెంపకు ఆనించుకొని చూడండి; చెంప ఓర్చుకోలేకపోతే పైపు పక్కన పెట్టి అయిదు నిమిషాలు ఆగండి. ఆరిపోతే ఆరిపోనివ్వండి, మళ్లీ వెలిగించడంలో నామోషీ ఏమీ లేదు. ఆరిపోకుండా ఉంచాలన్న పట్టుదలతో గబగబా పీల్చేవారికే నాలుక మండుతుంది. పొగాకే కాదు, వేడి కూడా నోటికి హాని చేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగే ఆడవారికి అంగిలిలో క్యాన్సరు రావడాన్ని వైద్యులు ఏనాడో గుర్తించారు. బెండు పైపులో మరొక సంగతి: గిన్నె అడుగున మెడ చెక్క కొద్దిగా లోపలికి పొడుచుకొని ఉంటుంది, ఆఖరి దాకా కాల్చాలని చూస్తే అది అంటుకొని చేదు పొగ వస్తుంది. అడుగున కొంచెం మిగిలి ఉండగానే ఆపేయండి.

కాల్చడం ముగిసిన తరువాత చేసే పనిలోనే ఎక్కువమంది తప్పుచేస్తారు, నేనూ చేశాను. నెబ్రాస్కాలో నార్త్ ప్లాట్ దగ్గర విరామం ముగిసే నిమిషాన, బూడిదంతా ఖాళీ కాఫీ కప్పులో కొట్టేసి, మూత పెట్టి, కప్పును తలుపు జేబులో దోపి బయలుదేరాను. సుమారు ముప్పై అయిదు మైళ్లు పోయాక గోథెన్‌బర్గ్ ఎగ్జిట్ కనిపిస్తుండగా కాగితం కమిలిన వాసన. మొదట బ్రేకులేమో అనుకొని అద్దాల్లో చూశాను, పొగ లేదు. ఎగ్జిట్‌లో దిగి బండి ఆపి చూస్తే కప్పు అడుగు నల్లబడి కరిగింది, దాని పక్కనే ఉన్న లోడు కాగితాల మూల అర్ధచంద్రాకారంలో కాలింది. సరుకు దించే చోట గుమాస్తా ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, నా ముఖం వైపు చూసి, ఏమీ అనకుండా సంతకం చేశాడు. తిట్టినా బాగుండేది. చల్లారినట్టు కనిపించే పైపు మడ్డిలో (గిన్నె అడుగున మిగిలే పొగాకులో) నిప్పు అరగంట పైగా దాగి ఉంటుందని ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి బిగుతు మూత ఉన్న ఇనుప డబ్బాలో మూడు వేళ్ల ఎత్తు తడి ఇసుక పోసి ఉంచుకుంటున్నాను. బూడిద, మడ్డి, అగ్గిపుల్లలు అన్నీ అందులోకే. పడమటి రాష్ట్రాల్లో ఎండాకాలం గడ్డి ఎలా ఉంటుందో చూసినవారెవరూ బూడిదను నేల మీద కొట్టరు. ఒక రవ్వ చాలు, కొండ మొత్తం అంటుకుంటుంది. కిటికీలోంచి విసరడం గురించి మాట్లాడనే అక్కరలేదు, అది వెనక్కి తిరిగి మీ బండి మీదే పడవచ్చు. చెత్తకుండీలో వేయాలన్నా, మరునాడు ఉదయం డబ్బాలో నీళ్లు పోసి కలిపిన తరువాతే.

శుభ్రం చేయడం పెద్ద పనేమీ కాదు. మడ్డి కుమ్మరించాక, పైపు గోరువెచ్చగా ఉండగానే, బూరు చుట్టిన తీగను నోటి మొన నుంచి గిన్నె అడుగు దాకా దూర్చి తీయండి. నల్లగా వస్తే మరొకటి. కాగితపు తువ్వాలును మెలితిప్పి గిన్నె లోపల నాలుగు చుట్లు తిప్పండి. బెండు పైపును నీళ్లలో ముంచకండి, ఉబ్బిపోతుంది. లోపల మసి పెచ్చు పలుచగా, చిన్న నాణెం మందాన ఉంటే మంచిదే. అంతకు మించితే మొద్దు కత్తితో గీకేయండి, లేకపోతే గిన్నె పగులుతుంది. గొట్టం ఊడదీయవలసి వస్తే పైపు పూర్తిగా చల్లబడిన తరువాతే.

రాత్రి కాల్చిన పైపును నేను గొట్టం పైకి, గిన్నె కిందికి ఉండేటట్టు కప్ హోల్డరులో నిలబెట్టి పడుకుంటాను. ఉదయం టైర్లు, లైట్లు, బ్రేకు గొట్టాలు చూసే తనిఖీకి దిగేటప్పుడు ఇసుక డబ్బాను కూడా చేతిలో తీసుకుంటాను. మూత తీసి, వేలు పెట్టి, వేడి లేదని రూఢి చేసుకొని, నీళ్లు పోసి ఖాళీ చేసి, కొత్త ఇసుక తడిపి పెడతాను. ఆరిన పైపు గుడ్డ సంచిలోకి పోతుంది, ఆ రోజు వంతు వచ్చిన అంకె పైపు సంచిలో పైకి వస్తుంది. సంచి స్లీపరులో, సీటు వెనక కొక్కేనికి తగిలిస్తాను. డ్రైవింగు సీటులో కూర్చొని చేయి ఎంత చాచినా అందని చోట ఆ కొక్కెం బిగించుకున్నాను.